జాజ్ బేస్‌లో హమ్: రాగి రేకు దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపలేదు

బేస్: నాలుగు తీగల జాజ్ బేస్ నమూనా గిటార్. ప్యాసివ్ (లోపల బ్యాటరీ సర్క్యూట్ లేనిది), రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే, ఒకే కాయిల్ ఉన్న అయస్కాంత భాగాలు; మెడ వైపుది నెక్, తీగల కొస వైపుది బ్రిడ్జ్), రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్.
వాడే చోటు: చెన్నై సాలిగ్రామంలో మేడ మీద ఒక రికార్డింగ్ గది. ఆదివారాలు తెలుగు చర్చి ఆరాధన.
ఫిర్యాదు, వాయించే అతని మాటల్లోనే: "అన్నా, తీగల మీద చెయ్యి ఉన్నంతసేపు పర్లేదు. తీశానంటే జుయ్యిమంటోంది. బ్రిడ్జ్ పికప్ ఒక్కటే పెడితే అసలు రికార్డింగే కుదరట్లేదు. లోపల కాపర్ టేప్ వేసెయ్, పోతుందట కదా?"

పోతుంది, కొంత. ఎంత పోతుందో, ఏది పోదో బేస్ విప్పకముందే తేల్చుకోవాలి. లేదంటే రెండు మీటర్ల టేపు అంటించి, సోల్డరింగ్ అంతా చేసి, మూత బిగించాక కూడా అదే మోత వినిపిస్తుంది. అప్పుడు తప్పు టేపుదా, పనిదా, గదిదా అన్నది ఎవరికీ తెలియదు.

విప్పక ముందు చేసిన పరీక్షలు

మొదట ఆంప్. ఏమీ గుచ్చకుండా ఆన్ చేస్తే సన్నటి హిస్ తప్ప ఏమీ లేదు. తరువాత కేబుల్. చాలామంది ఇక్కడ బేస్ గుచ్చి వాల్యూమ్‌లు సున్నాకి తిప్పి వింటారు. జాజ్ బేస్ విషయంలో ఆ పద్ధతి మోసం చేస్తుంది. ఈ వైరింగ్‌లో పికప్ వైరు వాల్యూమ్ పాట్ (నాబ్ కింద తిరిగే రెసిస్టర్) మధ్య కాలికి, అవుట్‌పుట్ చివరి కాలికి వెళ్తాయి. ఒక పికప్‌ని పూర్తిగా తగ్గించినా రెండోది మూగబోకుండా ఉండటానికి అలా పెట్టారు. అందువల్ల రెండు వాల్యూమ్‌లూ సున్నాలో ఉన్నప్పుడు పికప్‌లు గ్రౌండ్‌కి షార్ట్ అవుతాయి గానీ, జాక్ (కేబుల్ గుచ్చే చోటు) మాత్రం షార్ట్ కాదు. రెండు 250 కిలో ఓమ్ పాట్‌లు పక్కపక్కన కలిసి 125 కిలో ఓమ్‌లుగా జాక్ మీద వేలాడుతుంటాయి. ఆ స్థితిలో పాట్‌ల నుంచి జాక్ దాకా ఉన్న నాలుగైదు అంగుళాల వైరే యాంటెనా.

కాబట్టి కేబుల్ పరీక్షకి వేరే ఏర్పాటు కావాలి. ఒక విడి జాక్‌కి 8.2 కిలో ఓమ్ రెసిస్టర్ సోల్డర్ చేసి, దాన్నంతా చిన్న రేకు డబ్బాలో మూసి, డబ్బాని జాక్ గ్రౌండ్‌కి కలిపి ఉంచుకుంటాం. పికప్ ఓమ్‌లు ఎంతో అదీ దాదాపు అంతే, తేడా అల్లా అది దేన్నీ వినదు. ఈ డమ్మీకి కేబుల్ గుచ్చితే నిశ్శబ్దం. ఆంప్, కేబుల్ రెండూ నిర్దోషులు.

ఇప్పుడు బేస్. రెండు వాల్యూమ్‌లూ సున్నా చేస్తే బజ్ గట్టిగానే ఉంది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఈ శబ్దం పికప్‌లది కాదు, కంట్రోల్ క్యావిటీ (పాట్‌లు, జాక్ ఉండే గుంట) లోని వైర్లది. మూత తీయకుండానే ఒక దొంగ దొరికాడు.

బ్రిడ్జ్ పికప్ ఒక్కటే పూర్తిగా పెంచి, చేతులు తీసి వింటే రెండు రకాల శబ్దం కలిసి వస్తోంది. కింద మందంగా "మ్‌మ్‌మ్" అనేది ఒకటి, దాని మీద కీచుగా "జీజీజీ" అనేది మరొకటి. తీగలు ముట్టుకోగానే కీచు చాలావరకు పడిపోయింది, మందపుది అలాగే ఉంది. కానీ అరచెయ్యి బ్రిడ్జ్ (తీగల కొసలు బిగించే లోహపు పలక) మీద ఆనించి అటూ ఇటూ నొక్కితే మధ్యలో "టప్" మని కీచు తిరిగి లేచింది. బ్రిడ్జ్ గ్రౌండ్ వైరు సరిగా ఆనడం లేదన్న మాట. బేస్‌ని పట్టుకుని కుర్చీతో సహా మెల్లగా గుండ్రంగా తిరిగితే మందపు శబ్దం ఒక కోణంలో దాదాపు మాయమై, ఇంకో కోణంలో రెట్టింపయింది. కీచు మాత్రం ఎటు తిరిగినా ఒకేలా ఉంది. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా పెంచితే మందపుది బాగా తగ్గింది, కీచు తగ్గలేదు.

గదిలో ఎల్ఈడీ పట్టీల డిమ్మర్ ఆపితే కీచు సగమయ్యింది. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ని ఐదులో పెట్టినప్పటి కన్నా రెండులో పెడితే ఎక్కువైంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్తే ఇంకా పదునెక్కేదని అతనే చెప్పాడు. ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూస్తే పెద్ద తేడా రాలేదు, అంటే ఇక్కడ గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్‌కి కలిసినప్పుడు ఏర్పడే వలయం) ముఖ్య ముద్దాయి కాదు.

చివరగా గోడ సాకెట్. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 వోల్టులు ఉండాలి, ఉంది. ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఇక్కడ ఫేజ్, ఎర్త్ మధ్య వందకు అటూ ఇటూ ఊగిసలాడుతోంది. మూడు పిన్నుల సాకెట్ ఉంది, పైన లావు రంధ్రం ఉంది, దాని వెనక వైరే లేదు. పాత ఇళ్ళ మీద తరువాత వేసిన మేడ గదుల్లో ఇది తరచు కనిపిస్తుంది. ఎర్త్ లేని సాకెట్‌లో ఆంప్ పెడితే, దాని లోపలి ఫిల్టర్ కెపాసిటర్‌ల గుండా ఆంప్ చట్రం 230కి సగం వోల్టేజి దగ్గర తేలుతుంటుంది. తీగలన్నీ ఆ చట్రానికే కలిసి ఉంటాయి. మైక్ పెదవికి తగిలినప్పుడు చురుక్కుమనేది అందుకే. ఈ పని ఎలక్ట్రీషియన్‌ది. అది పూర్తయ్యాకే బేస్ మీద చెయ్యి వేశాం. హమ్ తగ్గించడానికి ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు కొన్ని బృందాల్లో ఇంకా ఉంది. ప్రాణం మీదికి తెచ్చుకోవడమే అది.

రెండు శబ్దాలు, రెండు దారులు

మందపు హమ్ అయస్కాంత క్షేత్రం నుంచి వస్తుంది. ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్, యూపీఎస్, గోడలోని లోడు వైర్లు 50 హెర్ట్జ్‌తో కంపించే క్షేత్రాన్ని వదులుతాయి. పికప్ ఎలాగూ అయస్కాంత మార్పుల్ని వినడానికే చుట్టిన కాయిల్, తీగ కదలికకీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ అది తేడా చూడదు. రాగి రేకు ఈ క్షేత్రాన్ని ఆపలేదు. 50 హెర్ట్జ్ దగ్గర రాగిలో స్కిన్ డెప్త్ (క్షేత్రం లోపలికి చొచ్చుకెళ్ళే లోతు) 9 మి.మీ. పైచిలుకు, మనం అంటించే రేకు 35 మైక్రాన్‌లు. ఆ క్షేత్రం కంట్లో ఈ రేకు ఉన్నా లేనట్టే.

కీచు బజ్ విద్యుత్ క్షేత్రం నుంచి వస్తుంది. డిమ్మర్, రెగ్యులేటర్, స్విచింగ్ అడాప్టర్ లాంటివి అలని ముక్కలు చేస్తాయి, ఆ పదునైన అంచులే వందల, వేల హెర్ట్జ్‌ల హార్మోనిక్స్. వాయించేవాడి ఒళ్ళు ఈ క్షేత్రాన్ని గది నుంచి పోగుచేసి, ఎక్కువ ఇంపెడెన్స్ (ఏసీకి అడ్డు) ఉన్న హాట్ వైర్ల (సిగ్నల్ మోసే వైర్ల) లోకి కెపాసిటర్ లాగా వంపుతుంది. తీగలు ముట్టుకుంటే ఒళ్ళు గ్రౌండవుతుంది, బజ్ పడిపోతుంది. దీనికి రేకు మందంతో పని లేదు. ఎంత సన్నదైనా సరే, ఏ మూలా తెగకుండా గ్రౌండ్‌కి కలిసి ఉంటే చాలు.

రెండు వాల్యూమ్‌లూ నిండుగా ఉన్నప్పుడు హమ్ తగ్గడం జాజ్ బేస్ రూపకల్పనలోనే ఉంది. రెండు పికప్‌ల చుట్లూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి, అయస్కాంతాల ధ్రువాలు కూడా ఎదురు. తీగ సిగ్నల్ కలుస్తుంది, బయటి హమ్ ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. ఒక వాల్యూమ్ కాస్త తగ్గించగానే ఆ లెక్క చెడుతుంది. బజ్ మాత్రం హాట్ వైర్లలోకి ఒకే దిశలో దూరుతుంది గనక, రెండు పికప్‌లు వాడినా కొట్టేసుకోదు.

మన దేశంలో బేస్ వాళ్ళకి ఇంకో చిక్కు. ఇ తీగ మూడో ఫ్రెట్ మీద వచ్చే జి 49 హెర్ట్జ్, మెయిన్స్ హమ్ 50. తేడా సుమారు 35 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు). జి మీద నిలిపిన పాటలో ఆ హమ్ శ్రుతి తప్పిన రెండో బేస్‌లా వినిపిస్తుంది. ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే సాధనం) తీసేద్దామంటే స్వరం కూడా పోతుంది.

లోపల దొరికినవి

కంట్రోల్ ప్లేట్ తీస్తే క్యావిటీ నిండా ఫ్యాక్టరీ వాళ్ళు పూసిన నల్లటి కండక్టివ్ పెయింట్ ఉంది. చూడ్డానికి షీల్డింగ్ ఉన్నట్టే. మీటర్ పెడితే పెయింట్ మీద రెండు మూలల మధ్య 2 కిలో ఓమ్‌ల పైన, పెయింట్ నుంచి జాక్ గ్రౌండ్‌కి అసలు కంటిన్యుటీ (తెగని కరెంటు దారి) లేదు. అడుగున మరతో బిగించిన లగ్ (వైరు సోల్డర్ చేసే లోహపు చెవి) ఉంది గానీ, దాని మీది వైరు తెగిపోయి ఉంది. పెయింట్ పై అంచు దాకా రాలేదు కాబట్టి క్రోమ్ ప్లేట్ కూడా దాన్ని తాకట్లేదు. గ్రౌండ్ కాని షీల్డ్ పక్కన ఉన్న వైర్లకి శబ్దాన్ని అందించే పలక మాత్రమే. ఒక్క ఆ వైరు మళ్ళీ సోల్డర్ చేసినా చాలా మార్పు వచ్చి ఉండేది. కొత్త బేస్ కొని హమ్ గురించి బాధపడేవాళ్ళు టేపు కొనే ముందు ఈ లగ్ ఒకసారి చూడండి.

పికప్ క్యావిటీలు రెండూ ఉత్త చెక్క. పికప్ వైర్లు ఒక్కొక్కటి అవసరానికి మించి పొడుగు, విడివిడిగా చుట్టలు చుట్టి కుక్కేశారు. జాక్ గ్రౌండ్ కాలు మీద సోల్డర్ బూడిద రంగులో, గరుకుగా ఉంది: డ్రై సోల్డర్, అంటే సరిగా పట్టని అతుకు. బ్రిడ్జ్ కింద వైరు కొస పచ్చబడి, మీటర్‌లో 30 నుంచి 40 ఓమ్‌ల మధ్య ఊగుతూ, నొక్కితే తెగిపోతోంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఆ చోటు మొదట పాడవుతుంది. పైన చెమట, కింద వైరు కొస, మధ్యలో నికెల్ పూత.

పికప్‌లు బాగానే ఉన్నాయి. నెక్ 7.3 కిలో ఓమ్‌లు, బ్రిడ్జ్ 7.6. వైర్లు విప్పకుండా జాక్ దగ్గరే కొలిస్తే ఇవే 6.9, 7.2 లాగా కనిపిస్తాయి. రెండు పాట్‌లు కలిసి 125 కిలో ఓమ్‌లుగా పక్కన ఉండటం వల్ల ఆ తేడా. పికప్ చెడిందని భయపడక్కర్లేదు.

సరుకు

అంతా చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికేదే. కాపర్ ఫాయిల్ టేపు 50 మి.మీ. వెడల్పుది రెండు మీటర్లు. నిజానికి ఈ బేస్‌కి లెక్క ఇది: పికప్ క్యావిటీ ఒక్కొక్కటి సుమారు 95 × 20 మి.మీ., లోతు 20, అంటే అడుగు, గోడలు కలిపి 65 చదరపు సెంటీమీటర్లు. కంట్రోల్ క్యావిటీ 150 × 35, లోతు 38, అది 190 పైచిలుకు. మొత్తం 325. ఒకదాని మీద ఒకటి ఎక్కించే అంచులు, వృథా కలుపుకుంటే 500, అంటే ఒక మీటరు. రెండో మీటరు ఎందుకంటే, వంపుల దగ్గర ఒక ముక్క చిరిగితే అతుకులు వేయకుండా కొత్తది కోసుకోవడానికి.

టేపు కొనేటప్పుడు అసలు చూడాల్సింది జిగురు. అట్ట మీద "కండక్టివ్" అని రాసి ఉన్నవన్నీ కండక్టివ్ కావు. కొట్టు దగ్గరే రెండు చిన్న ముక్కలు సెంటీమీటరు మేర ఒకదాని మీద ఒకటి అంటించి, గట్టిగా రుద్ది, పై ముక్క నుంచి కింది ముక్కకి మీటర్ పెట్టండి. ఒక ఓమ్ లోపు వస్తే మంచిది. బీప్ రాకపోతే ఆ టేపు పనికిరాదని కాదు, ప్రతి అతుకు మీదా సోల్డర్ చుక్క తప్పనిసరి. ఏసీ డక్ట్‌లకి వేసే అల్యూమినియం టేపు చవక గానీ జిగురు కరెంటుని పోనివ్వదు, మామూలు సోల్డరూ అంటుకోదు. వంటింటి ఫాయిల్‌ని ఫెవికాల్‌తో అంటించిన బేస్‌లు కూడా మా దగ్గరికి రిపేరుకి వస్తుంటాయి. మొదట బాగానే ఉంటాయి, ముక్కల మధ్య ఆక్సైడ్ పేరుకున్నాక మళ్ళీ బజ్.

ఇవి కాక: 60/40 రోజిన్ కోర్ సోల్డర్ 0.8 మి.మీ., వైర్లకి 25 వాట్ల ఐరన్, పాట్ వెనక భాగానికి 60 వాట్లది, 7/36 (ఏడు సన్నటి పోగుల) మల్టీస్ట్రాండ్ వైరు ఒక మీటరు, సన్నటి సింగిల్ కోర్ షీల్డెడ్ వైరు అర మీటరు, ఇన్సులేషన్‌కి వేడిని తట్టుకునే క్యాప్టన్ టేపు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 180 నంబరు ఉప్పు కాగితం, 10 మి.మీ. ఈవీఏ ఫోమ్. పికప్‌ల కింద ఉన్న పాత స్పాంజి చెన్నై ఉక్కకి జిగటగా పొడై పోయింది, తీసి పారేయాల్సిందే.

పని

ముందు వైరింగ్ ఫోటో. తీగలు నాలుగూ వదులు చేసి తీశాక, బాడీ పై పాలిష్ మీద క్యావిటీల చుట్టూ మాస్కింగ్ టేపు. సోల్డర్ చుక్క పాలిష్ మీద పడితే మచ్చ పోదు. క్యావిటీల లోపల 180తో ఒక చేయి వేసి, దుమ్ము తుడిచి, ఆల్కహాల్ గుడ్డతో అద్ది ఆరనిచ్చాం. దుమ్ము మీద అంటించిన టేపు ఎండాకాలం రాగానే మూలల్లో లేచిపోతుంది. నల్ల పెయింట్ పూర్తిగా గీకక్కర్లేదు, రాలుతున్న చోటు మాత్రం గీకాలి.

అడుగు ముక్క మొదట. కాగితం పరిచి గోరుతో అంచు గీసి, ఆ నమూనాకి చుట్టూ 5 మి.మీ. ఎక్కువ ఉంచి కోస్తే, ఆ ఎక్కువ గోడ మీదికి మడత పడుతుంది. తరువాత గోడలు, వాటి కింది అంచు అడుగు మీదికి మరో 5 మి.మీ. రావాలి. వంపుల దగ్గర ఆ అంచుకి ప్రతి 8 మి.మీ.కీ కత్తెర గాటు పెట్టకపోతే ముడత పడుతుంది, ముడత కింద గాలి ఉంటుంది. ఐస్‌క్రీమ్ పుల్లతో రుద్ది అణచాలి. వేలితో రుద్దితే రేకు అంచు చర్మాన్ని బ్లేడులా కోస్తుంది.

కంట్రోల్ క్యావిటీకి పై అంచు మీద 6 మి.మీ. బయటికి మడిచాం, క్రోమ్ ప్లేట్ దాని మీద కూర్చుని ఆరో వైపు మూసేస్తుంది. ప్లేట్ మరల రంధ్రాల దగ్గర రేకుని పొడిచి, మర దాని గుండానే దిగేలా చూస్తే ప్లేట్, రేకు కలిసిపోవడం ఖాయం. పికప్ క్యావిటీల్లో అలా కుదరదు. కవర్ చుట్టూ సందు ఉంటుంది, రేకు పైకి వస్తే కనిపిస్తుంది. పై అంచుకి ఒక మి.మీ. కిందే ఆపాలి. నెక్ పికప్‌కి పిక్‌గార్డ్ (బాడీ మీది ప్లాస్టిక్ పలక) కప్పే వైపు మాత్రం కొంచెం పైకి తెచ్చుకోవచ్చు. ప్రెసిషన్ బేస్ (ఇంకో నమూనా) అయితే పాట్‌లు పిక్‌గార్డ్‌కే ఉంటాయి కాబట్టి దాని అడుగున కూడా రేకు వేయాలి. జాజ్ బేస్‌కి ఆ పని వల్ల ఒరిగేదేమీ లేదు.

ప్రతి అతుకు మీదా సోల్డర్ చుక్క పెట్టాం, జిగురు కండక్టివ్‌దే అయినా. చెన్నైలో కారు డిక్కీలో ఒక మే నెల గడిపితే ఆ జిగురు ఏమవుతుందో తెలిసినవాళ్ళకి ఇది అతి అనిపించదు. ఐరన్ కొసకి ముందే సోల్డర్ పట్టించి, తాకి, రెండు సెకన్లలో తీసెయ్యాలి. ఆగితే జిగురు కాలి పొగ వస్తుంది, రేకు ఉబ్బి లేస్తుంది.

మూడు రాగి గుంటలూ ఇప్పుడు మూడు వేర్వేరు దీవులు. పికప్ క్యావిటీ నుంచి ఒక్కో 7/36 వైరు, చెక్కలోని సొరంగం గుండా కంట్రోల్ క్యావిటీలోకి తెచ్చి, అన్నీ వాల్యూమ్ పాట్ వెనక ఒకే చోట సోల్డర్ చేశాం. ఒకే చోటికి తేవడం చూపుకి పొందిక, తప్పు వెతకడం సులువు, అంతవరకే. గిటార్ లోపల గ్రౌండ్ లూపుల వల్ల హమ్ వస్తుందని చాలా చోట్ల చదువుతాం. ఆరు అంగుళాల గుంటలో, ఓమ్ కూడా లేని రేకు మీద ఆ లూపులు వినిపించేంత చప్పుడు చెయ్యవు. ఆ భయంతో పాట్ వెనక నుంచి రేకుకి కనెక్షన్ తీసేసేవాళ్ళు ఉన్న షీల్డ్‌ని చెడగొట్టుకుంటారు.

పికప్‌లు. జాజ్ బేస్ పికప్‌లో తీగకి రెండు చొప్పున ఎనిమిది అయస్కాంత పోల్‌లు. ఇవి గ్రౌండ్ కాకపోతే వేలు తగిలినప్పుడల్లా బజ్‌మంటాయి, బొటనవేలు పికప్ మీద ఆనించి వాయించే అలవాటు ఉన్నవాళ్ళకి అది నరకం. అడుగున ఎనిమిదింటినీ తాకేలా 8 మి.మీ. రాగి పట్టీ అంటించి గ్రౌండ్ చేశాం. దానికి ముందు రెండు జాగ్రత్తలు. అడుగున కాయిల్ కొసలు సోల్డర్ చేసిన ఐలెట్‌ల (చిన్న లోహపు రంధ్రాల) మీద క్యాప్టన్ టేపు వేయాలి, పట్టీ వాటికి తగిలితే పికప్ మూగబోతుంది. రెండోది, పోల్‌ల నుంచి కాయిల్ కొసలకి మీటర్‌లో ఏమీ చూపకూడదు. బాబిన్ లేకుండా అయస్కాంతాల మీదే నేరుగా చుట్టిన పికప్‌లలో ఎక్కడైనా వైరు మీది ఎనామిల్ పూత లేచిపోయి ఉంటే, పోల్ గ్రౌండ్ చేయగానే కాయిల్‌లో కొంత భాగం షార్ట్ అవుతుంది.

కాయిల్ చుట్టూ కూడా రేకు చుట్టేద్దామా అని అడుగుతుంటారు. చుట్టొచ్చు, కానీ వలయం మూసుకోకుండా 3 మి.మీ. సందు వదలాలి, లేకపోతే అది షార్ట్ అయిన చుట్టుగా మారి పై స్థాయి స్వరాల్ని తినేస్తుంది. కాయిల్‌కి దగ్గరైన కొద్దీ కెపాసిటెన్స్ కూడా పెరుగుతుంది. ఈ బేస్‌కి అది అవసరం అనిపించలేదు.

హాట్ వైర్లని సొరంగం గుండా పాట్ దాకా షీల్డెడ్ వైరుతో మార్చాం, షీల్డ్ పాట్ వైపు సోల్డర్ చేసి, పికప్ వైపు దాన్నే గ్రౌండ్‌గా వాడాం. అర మీటరు లోపు వైరు తెచ్చే కెపాసిటెన్స్, ఆరు మీటర్ల గిటార్ కేబుల్ ముందు లెక్కలోకి రాదు. వైరు మార్చడం ఇష్టం లేకపోతే పాత రెండు వైర్లని కత్తిరించి పొట్టి చేసి, సెంటీమీటరుకి ఒక మెలిక చొప్పున పురి పెట్టినా చాలా మేలు. ఒక పికప్‌లో హాట్, గ్రౌండ్ తారుమారైతే? రెండూ కలిపినప్పుడు స్వరం డొల్లగా, పలచగా అవుతుంది, హమ్ కొట్టేసుకోవడం పోయి రెట్టింపవుతుంది. మార్చేటప్పుడు రంగుల గుర్తులు పెట్టుకోవాలి.

బ్రిడ్జ్ ఐదు మరలు విప్పి, అడుగు భాగం మెరిసేలా రుద్ది, పాత రంధ్రం గుండా కొత్త వైరు తెచ్చాం. ఉత్త కొసని నొక్కి వదిలేయకుండా 15 × 40 మి.మీ. రాగి ముక్కకి సోల్డర్ చేసి, ఆ ముక్కని బ్రిడ్జ్ కింద పరిచాం. ఆనే వైశాల్యం పెరుగుతుంది, కొస పచ్చబడ్డా మిగతాది పని చేస్తుంది. ఒక గమనిక: ఈఎంజీ కంపెనీవి లాంటి యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్‌లున్న బేస్‌లకి తీగల గ్రౌండ్ వద్దని తయారీదారే చెబుతాడు. వాటికి ఈ పని చెయ్యకూడదు.

మూయబోయే ముందు

ఈ పనిలో ఎక్కువగా ఎదురయ్యే ప్రమాదం హమ్ కాదు, పూర్తి నిశ్శబ్దం. జాక్‌లో ప్లగ్ దూరగానే టిప్ (ప్లగ్ కొసని తాకే, సిగ్నల్ మోసే) పలక బయటికి జరుగుతుంది, పక్కనే ఇప్పుడు రాగి గోడ ఉంది. ప్లగ్ లేకుండా మీటర్ పెడితే అంతా సరిగా ఉంటుంది, ప్లగ్ పెడితే షార్ట్. కాబట్టి జాక్ ఎదుట గోడ మీద, పాట్‌ల కాళ్ళు గోడకి దగ్గరయ్యే చోట రెండు పొరల క్యాప్టన్ వేసి, ప్లగ్ గుచ్చి, ప్లేట్ బిగించి, అప్పుడు కొలవాలి. ప్లేట్ బిగించాక జాక్ నట్ వదులై తిరిగితే మళ్ళీ ఇదే షార్ట్, కాబట్టి పళ్ళ వాషర్ మరిచిపోవద్దు.

జాక్ స్లీవ్ (గ్రౌండ్ భాగం) నుంచి మూడు క్యావిటీల ప్రతి గోడకి, బ్రిడ్జ్‌కి, క్రోమ్ ప్లేట్‌కి, పోల్‌లకి అన్నిటికీ అర ఓమ్ లోపు వచ్చింది. మీటర్ వైర్లవే 0.2 ఓమ్‌లు ఉంటాయి, అది తీసేసి చదవాలి. టిప్ నుంచి స్లీవ్‌కి బ్రిడ్జ్ పికప్ 7.2 కిలో ఓమ్‌లు, రెండూ కలిపి 3.6 దగ్గర. పోల్‌ల మీద స్క్రూడ్రైవర్ కొసతో తట్టితే రెండు వాల్యూమ్‌లూ తమ తమ పికప్‌నే పలికించాయి.

ఫలితం

అదే గది, అదే కేబుల్, ఇంటర్‌ఫేస్ (బేస్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) గెయిన్ కదపకుండా, బ్రిడ్జ్ పికప్ ఒక్కటే. పనికి ముందు చేతులు తీస్తే మైనస్ 48 డీబీ (మైనస్ అంకె పెరిగిన కొద్దీ శబ్దం తక్కువ), తీగలు పట్టుకుంటే మైనస్ 61. పని తరువాత చేతులు తీస్తే మైనస్ 63, పట్టుకుంటే మైనస్ 64. ఇందులో చూడాల్సింది ముట్టుకున్నప్పటికీ వదిలినప్పటికీ మధ్య తేడా. అది 13 డీబీ నుంచి ఒకటికి పడింది, అంటే ఒంటి గుండా వచ్చే బజ్ దారి మూసుకుంది. వాల్యూమ్‌లు రెండూ సున్నాలో నిశ్శబ్దం. డిమ్మర్ వేసినా, తీసినా మీటర్ కదల్లేదు. ముందటి కొలతలు కూడా సాకెట్‌కి ఎర్త్ వచ్చాకే తీశాం, లేకపోతే ఎర్త్ చేసిన మేలు టేపు ఖాతాలో పడేది.

ఇక హమ్. ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అర మీటరు దూరంలో, చెడ్డ కోణంలో కూర్చుంటే ముందు మైనస్ 41, తరువాత మైనస్ 42. మారలేదు, మారుతుందని మేము చెప్పనూ లేదు. స్పెక్ట్రమ్‌లో 50, 150, 250 దగ్గర మూడు మేకులు అలాగే నిలబడి ఉన్నాయి, వాటి పైన ఉన్న ముళ్ళ కంచె మాత్రం పోయింది.

ఆ మిగిలిన దానికి మొదటి మందు దూరం. ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం దూరం ఘనానికి తగ్గట్టు పడిపోతుంది. అర మీటరు నుంచి మీటరుకి జరిగితే ఎనిమిదో వంతు. గదిలో ఆంప్‌ని కుర్చీకి కుడి పక్క నుంచి ఎదుటి గోడకి మార్పించాం, యూపీఎస్‌ని బల్ల కింద నుంచి తలుపు వైపుకి. కుర్చీ ఏ దిక్కుకి తిరిగితే హమ్ అడుగంటుతుందో అక్కడ నేల మీద టేపు ముక్క అంటించారు వాళ్ళే. రికార్డింగ్‌లో బ్రిడ్జ్ స్వరం కావాలంటే బ్రిడ్జ్ పూర్తిగా ఉంచి నెక్‌ని కొంచెమే తగ్గించమన్నాం. నెక్ ఎంత తగ్గిస్తే హమ్ అంత తిరిగొస్తుంది కాబట్టి బేరం చెవితోనే కుదుర్చుకోవాలి. రెండూ నిండుగా ఉన్నా ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పూర్తిగా కొట్టేసుకోదు. పికప్‌ల మధ్య ఉన్న దూరం వల్ల రెండింటికీ తగిలే క్షేత్రం సమానం కాదు.

అప్పటికీ చాలకపోతే మార్చాల్సింది పికప్‌లనే. డిమార్జియో మోడల్ జె, సీమర్ డంకన్ ఎస్‌టీకే-జె2 లాంటివి అదే కవర్ పరిమాణంలో లోపల రెండు కాయిల్స్‌తో, ఒక్క పికప్ వాడినా హమ్ కొట్టేసేలా వస్తాయి. స్వరం కొంచెం మారుతుంది. పాత సింగిల్ కాయిల్ కొరుకుడు కోసమే ఈ బేస్ ఉంచుకున్నానని అతను అన్నాడు కనక పికప్‌లు అవే ఉన్నాయి.

తీగలు మార్చినప్పుడల్లా మీటర్ ఒక కొస బ్రిడ్జ్ మీద, ఇంకో కొస ప్లగ్ స్లీవ్ మీద పెట్టి చూడమని చెప్పాం. ఓమ్ దాటితే బ్రిడ్జ్ మరలు విప్పి, కింది రాగి ముక్కని ఆల్కహాల్‌తో తుడిచి మళ్ళీ బిగించాలి. క్యావిటీలు విప్పక్కర్లేదు.